డిశ్చార్జి గడియారం ఎక్కడ మొదలవుతుంది?

సంపాదకులకు నమస్కారం.

ఆరోగ్య బీమా గురించి పత్రికల్లో వచ్చే వార్తలు దాదాపు ఒకే వరసలో ఉంటాయి. కంపెనీ క్లెయిము ఎగ్గొట్టింది, వినియోగదారుల కమిషన్ మొట్టికాయ వేసింది, వడ్డీతో సహా కట్టమంది. అవి రావలసిందే, కాదనను. కానీ క్లెయిము ఎవరూ ఎగ్గొట్టకుండా, డబ్బంతా సక్రమంగా మంజూరై, అయినా పేషెంటు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సంచి సర్దుకుని మంచం మీద కూర్చోవలసి రావడం గురించి రాసేవాళ్ళు తక్కువ. ఆ ఆలస్యానికి అందరూ బీమా కంపెనీనే తిడతారు. మొన్న మా ఇంట్లో జరిగింది చూస్తే ఆ తిట్లలో సగానికి పైగా వేరే చిరునామాకు పోవాలి. ఆ సంగతి టైములతో సహా చెప్పాలని రాస్తున్నాను.

నేను బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటాను. మహదేవపుర దగ్గర ఒక ప్యాకింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. బిల్లులో ప్రతి లైనూ చదవడం, దాని మీద తేదీ, టైము చూడటం నా జీతంలో భాగం. మా అత్తమ్మది కదిరి దగ్గర పల్లె. గాల్ బ్లాడర్‌లో రాళ్ళున్నాయని తేలితే ఇక్కడికి తీసుకొచ్చి ఒక ప్రైవేటు హాస్పిటల్లో ల్యాపరోస్కోపీ ఆపరేషన్ చేయించాం. ఆపరేషన్ చక్కగా జరిగింది. సర్జన్ మీద, నర్సుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అందుకే హాస్పిటల్ పేరు రాయడం లేదు. పేరు మార్చి ఈ ఊళ్ళో ఏ పెద్ద హాస్పిటల్ పేరు పెట్టినా ఈ కథ పెద్దగా మారదని వార్డులో పరిచయమైనవాళ్ళ మాటలను బట్టి నాకనిపిస్తోంది.

ముందు రూలు ఏమిటో చెప్తాను. 2024 మే 29న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆరోగ్య బీమా మీద ఒక మాస్టర్ సర్క్యులర్ ఇచ్చింది. క్యాష్‌లెస్ (మనం ముందు కట్టకుండా కంపెనీయే హాస్పిటల్‌కు నేరుగా చెల్లించే పద్ధతి) కావాలని హాస్పిటల్ నుంచి అభ్యర్థన వస్తే బీమా కంపెనీ గంటలోపు అవునో కాదో చెప్పాలి. డిశ్చార్జి రోజు హాస్పిటల్ నుంచి అభ్యర్థన అందిన 3 గంటల్లోపు ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి. 3 గంటలు దాటినందువల్ల హాస్పిటల్ అదనంగా ఏమైనా వసూలు చేస్తే అది కంపెనీయే, అదీ వాటాదారుల నిధి నుంచి, భరించాలి. అంటే మనందరి ప్రీమియం సొమ్ములోంచి తీసి ఇవ్వడానికి లేదు. చికిత్స పొందుతూ మనిషి చనిపోతే క్లెయిము సంగతి వెంటనే తేల్చి, భౌతికకాయం ఇంటివాళ్ళకు అప్పజెప్పేలా చూడాలి. ఇవి అమలు చేయడానికి కంపెనీలకు 2024 జులై 31 దాకా గడువిచ్చారు.

మంచి రూలే. అయితే ఆ 3 గంటల లెక్క డాక్టరు ‘ఇంటికి పోవచ్చమ్మా’ అన్నప్పుడు మొదలు కాదు. హాస్పిటల్ ఫైనల్ బిల్లు, డిశ్చార్జి సమ్మరీ కంపెనీకి పంపినప్పుడు మొదలవుతుంది. డాక్టరు మాటకీ, ఆ పంపడానికీ మధ్య ఎన్ని గంటలు పోయినా ఆ సర్క్యులర్ పట్టించుకోదు. మా రోజంతా పోయింది అక్కడే.

డిశ్చార్జి కంటే ముందు అడ్మిషన్ సంగతి కొంత చెప్పాలి, ఎందుకంటే చివర్లో వచ్చే చిక్కుల్లో కొన్ని అక్కడే పడతాయి. ఆపరేషన్ తేదీ ముందే తెలుసు కాబట్టి ప్రీ-ఆథరైజేషన్ ఫారం, అంటే కంపెనీ ముందస్తు అనుమతి కోరే ఫారం, ముందే తెచ్చుకున్నాం. అందులో మన వంతు సులువు. పాలసీ నంబరు, ఆధార్, పాన్, ఫోన్ నంబరు. డాక్టరు నింపే వైపు ఒక గడి ఉంటుంది, ఈ బాధ ఎన్నాళ్ళ నుంచి ఉందని. క్లెయిము తలరాత రాసేది ఆ గడే.

నేను కింద కౌంటర్లో డిపాజిట్ కడుతుండగా పైన వార్డులో డ్యూటీ డాక్టరమ్మ మా అత్తమ్మ కేస్‌షీట్ రాసుకుంటోంది. చిన్న పిల్ల, కన్నడం, ఇంగ్లీషు తప్ప రావు. మా అత్తమ్మ కన్నడం అర్థం చేసుకుంటుంది గానీ మాట్లాడేది తెలుగే. కడుపు నొప్పి ఎప్పటి నుంచి అని అడిగితే ఈమె గ్యాసు పురాణం ఎత్తుకుంది. బజ్జీలు తింటే పొట్ట ఉబ్బరిస్తుందట, పెండ్లయిన నాటి నుంచీ అంతేనట, వాము నమిలితే తగ్గుతుందట. డాక్టరమ్మ అంతా ఓపిగ్గా విని, కుదించి, ‘కడుపు నొప్పి, 2 సంవత్సరాలు’ అని రాసుకుంది. ఆ రెండు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. నిజానికి నొప్పి వచ్చింది అంతకు రెండు నెలల ముందు. కదిరిలో స్కాన్ తీసిందీ అప్పుడే.

సాయంత్రానికి కంపెనీ నుంచి క్వెరీ వచ్చింది. రెండేళ్ళ కిందటి చీటీలు పంపండి, మొదటిసారి ఎక్కడ చూపించారో, ఎప్పుడు చూపించారో చెప్పండి అని. లేని చీటీలు ఎక్కడి నుంచి తెస్తాం? కదిరి స్కాన్ రిపోర్టు, దాని మీది తేదీ చూపించాను. సర్జన్ గారు తన లెటర్‌హెడ్ మీద, నొప్పి రెండు నెలల నుంచే, కేస్‌షీట్‌లో పొరపాటు పడింది అని రాసి సంతకం, స్టాంపు వేసిచ్చారు. అది పంపాక అప్రూవల్ వచ్చింది. గంటలోపు నిర్ణయం అనే రూలుకు ఇక్కడ కూడా ఒక సందు ఉంది. క్వెరీ వేయడం కూడా నిర్ణయం కిందే చెల్లిపోతోంది. జవాబు మనం పంపేదాకా మళ్ళీ కాలం మన ఖాతాలోనే.

మా పాలసీ పాతది కాబట్టి అంతటితో పోయింది. గాల్ బ్లాడర్ రాళ్ళకు చాలా పాలసీల్లో విడిగా 2 ఏళ్ళ నిరీక్షణ ఉంటుంది, అది దాటేదాకా ఆ జబ్బుకు క్లెయిము ఇవ్వరు. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బులకైతే 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 3 ఏళ్ళు, అంతకుముందు 4 ఉండేది. 5 ఏళ్ళు వరసగా నడిచిన పాలసీలో మోసం రుజువు చేస్తే తప్ప, జబ్బు దాచారన్న సాకుతో క్లెయిము కొట్టేయడానికి లేదు. ఇవి దాటని కొత్త పాలసీ వాళ్ళయితే, కేస్‌షీట్‌లో పడిన ఆ ఒక్క అంకెతో క్యాష్‌లెస్ పోయేది. కాబట్టి నేను అందరికీ చెప్పేది ఒకటే. డిపాజిట్ కౌంటర్ ఎక్కడికీ పారిపోదు. కేస్‌షీట్ రాసేటప్పుడు పేషెంటు భాష తెలిసినవాళ్ళు పక్కన ఉండండి, రాసింది చదివి వినిపించమని అడగండి.

గది సంగతి చాలామందికి తెలిసిందే గానీ అంకెలు పెట్టి చూస్తే తప్ప దెబ్బ తెలీదు. 5 లక్షల పాలసీలో రోజు గది అద్దె 1 శాతం అని ఉంటే 5,000. అడ్మిషన్ కౌంటర్లో ‘షేరింగ్ ఖాళీ లేదు, సింగిల్ తీసుకోండి, తేడా మీరు కట్టుకుంటే చాలు’ అంటారు. సింగిల్ 8,000 అనుకుందాం. తేడా రోజుకు 3,000 కదా, రెండు రోజులే కదా అని మనం సంతకం పెడతాం. బీమా కంపెనీ మాత్రం సర్జన్ ఫీజు, థియేటర్, నర్సింగ్ ఇలాంటి వాటన్నిటినీ ఎనిమిదికి ఐదు చొప్పున కోస్తుంది. అవి లక్ష అయితే కంపెనీ ఇచ్చేది 62,500, మిగతా 37,500 మన జేబులోంచి. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ అద్దె ఈ కోత కిందికి రావు. అది 2020లోనే స్పష్టం చేశారు. అందరి పాలసీలోనూ ఈ షరతు ఉండదు కూడా. మాదాంట్లో ఉంది. అందుకని షేరింగ్ మంచం ఖాళీ అయ్యేదాకా మా అత్తమ్మను డే కేర్‌లో కూర్చోబెట్టుకుని ఉన్నాం. కౌంటర్ అమ్మాయికి అది నచ్చలేదు. మంచం మాత్రం గంటన్నరలో ఖాళీ అయింది.

ఇక డిశ్చార్జి రోజు.

సర్జన్ రౌండ్స్‌కు వచ్చి గాయాలు చూసి ‘ఇవాళ పంపించేద్దాం’ అన్నప్పుడు తొమ్మిదింబావు. ఫైనల్ బిల్లు అందిందని బీమా కంపెనీ నుంచి నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది మధ్యాహ్నం 3.40కి. ఫైనల్ అప్రూవల్ ఇచ్చామని మెసేజ్ 4.55కి. అంటే కంపెనీ తీసుకున్నది గంటా పావు. రూలు ఇచ్చిన 3 గంటల్లో సగం కూడా వాడుకోలేదు. ముందు పోయిన ఆరున్నర గంటలు హాస్పిటల్‌వి.

ఆ ఆరున్నర గంటలు ఏమయ్యాయో దగ్గరుండి చూశాను కాబట్టి చెప్తాను. మొదట నర్సు మేము వాడని మందులు లెక్కపెట్టింది. స్టీలు ట్రేలో రెండు సెలైన్ బాటిళ్ళు, విప్పని సిరంజీలు, కొన్ని ఇంజెక్షన్ వయల్స్, సగం వాడిన మాత్రల స్ట్రిప్పు. స్ట్రిప్పు కత్తిరిస్తే వెనక్కి తీసుకోరని దాన్ని మా చేతికిచ్చింది. మిగతా ఒక్కోదాని బ్యాచ్ నంబరు చూసి కంప్యూటర్లో రిటర్న్ ఎక్కించింది. మధ్యలో రెండు బెల్లులు మోగాయి, పక్క గదిలో సెలైన్ అయిపోయింది, ఆమె లేచి వెళ్ళి వచ్చింది. ఆ ట్రే ఫార్మసీ అబ్బాయి వచ్చేదాకా నర్సింగ్ స్టేషన్ గట్టు మీదే ఉంది. కిందికి వెళ్ళాక ఒక వయల్ నంబరు కలవలేదని మళ్ళీ పైకి వచ్చింది. మొత్తం కలిపి ఏడెనిమిది వందల రూపాయల సరుకు. దాని క్లియరెన్స్ రాకపోతే బిల్లింగ్ వాళ్ళు బిల్లు మూయరు.

ఇంకో పక్క డిశ్చార్జి సమ్మరీ. జూనియర్ టైపు చేయాలి, సర్జన్ సంతకం చేయాలి, సర్జన్ థియేటర్లో ఉన్నారు. ఆపరేషన్ మధ్యలో ఉన్న మనిషిని సంతకానికి పిలవమని ఎవరూ అనరు. కానీ ముందు రోజు సాయంత్రమే ‘రేపు పంపించేస్తాం’ అన్న పేషెంటు సమ్మరీ ఆ రాత్రే టైపు చేసి పెట్టుకుంటే ఎవరు వద్దన్నారు? సంతకమై వచ్చిన దాంట్లో మా అత్తమ్మ వయసు 67 బదులు 76 పడింది. ఆధార్‌తో కలవకపోతే మళ్ళీ క్వెరీ వస్తుందని నేనే పట్టుకుని వెనక్కి పంపాను. మళ్ళీ టైపు, మళ్ళీ సంతకం.

ఈలోగా భోజనం వేళయింది. అందరికీ ట్రేలు వచ్చాయి, మా మంచానికి రాలేదు. అడిగితే వంటగది లిస్టులో మీరు పొద్దునే డిశ్చార్జి అన్నారు. బిల్లింగ్ లెక్కలో మాత్రం ఇంకా ఇన్-పేషెంటే, గది అద్దె నడుస్తూనే ఉంది. నేను కింద క్యాంటీన్ నుంచి పెరుగన్నం తెచ్చి పెట్టాను. చేతికి ఉన్న క్యాన్యులా తీయమంటే బిల్లు క్లియర్ కావాలన్నారు. మందులన్నీ ఆపేశాక ఆ సూది చేతికి ఎందుకుందో నాకిప్పటికీ అర్థం కాలేదు. పేషెంటు పారిపోకుండానేమో. మా అత్తమ్మ తినడం ఆపి, ‘డాక్టరు పొమ్మనె గదా పాపా, పోయేదానికి ఇంగ ఎవురి సెలవు గావల్ల?’ అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇన్సూరెన్స్ డెస్క్‌లో కుర్రవాడు ఎప్పుడు వెళ్ళినా ఒకటే పాట. ‘ఇన్నూ అప్రూవల్ బందిల్ల మేడం.’ అప్రూవల్ ఇంకా రాలేదని. చుట్టూ నిలబడ్డవాళ్ళంతా బీమా కంపెనీని తిట్టుకుంటున్నారు. నేను ఫోన్ చూపించి, ఫైనల్ బిల్లు అందినట్టు కంపెనీ నుంచి నాకింకా మెసేజే రాలేదు, మీరు పంపారా లేదా అది చెప్పండి అన్నాను. కంప్యూటర్లో అటూ ఇటూ చూసి, ‘అప్‌లోడ్ ఆగ్తా ఇదె’, అప్‌లోడ్ అవుతోంది అన్నాడు. అంటే బిల్లు ఇంకా కదల్లేదు. ఆ కుర్రవాడి తప్పు కాదు, అతని బల్ల మీద అలాంటి ఫైళ్ళు దొంతరగా ఉన్నాయి. ఒక్కడే స్కాన్ చేయాలి, ఒక్కడే పోర్టల్‌లో ఎక్కించాలి, ఫోన్లకూ ఒక్కడే జవాబు చెప్పాలి. కానీ ‘ఇంకా మా దగ్గరే ఉంది’ అని ఒక్క నిజం చెప్తే అక్కడ నిలబడ్డ సగం మంది వెళ్ళి కూర్చుంటారు కదా.

పక్క మంచం వాళ్ళది మదనపల్లె. చీకటి పడక ముందే బస్సెక్కుదామని పొద్దున్నే సంచులు కట్టుకున్నారు. మేము బయటికి వచ్చేటప్పటికి వాళ్ళ ఫైలు కిందికి కూడా రాలేదు. హిందూపురం, కదిరి, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి ఈ ఊరి హాస్పిటళ్ళకు వచ్చేవాళ్ళు ఎంతమందో మీ పాఠకులకు చెప్పనక్కరలేదు. ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఆలస్యమంటే చిరాకు మాత్రమే. వాళ్ళకు మాత్రం కుట్లున్న మనిషితో రాత్రి ప్రయాణం, లేకపోతే మెజెస్టిక్ బస్టాండు దగ్గర లాడ్జి ఖర్చు.

బిల్లు చేతికి వచ్చాక అసలు మజా. మధ్యాహ్నం 12 దాటింది కాబట్టి అరపూట గది అద్దె అదనంగా వేశారు. డాక్టరు పొద్దునే పంపమన్నారు కదా అని బీమా కంపెనీ దాన్ని కోసేసింది. 3 గంటలు దాటితే కంపెనీ భరించాలన్న రూలు ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే కంపెనీ దాటలేదు. హాస్పిటల్ ఆలస్యానికి హాస్పిటల్‌కే అద్దె, కట్టేది మేము. నేను చాలా కంపెనీల ఖాతాలు చూశాను గానీ, సరుకు ఆలస్యంగా ఇచ్చినవాడే గోడౌన్ అద్దె అడగడం ఇక్కడే చూశాను.

ఆ కింద ‘నాన్-పేయబుల్’ అని ఒక పొడుగాటి లిస్టు. ఇది ప్రతి పాలసీదారూ చదవాల్సిన సంగతి కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. పాలసీ పుస్తకం చివర నాలుగు జాబితాలుంటాయి. ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే రకంగా పెట్టించినవి. మొదటి దాంట్లో 68 వస్తువులు, ఇవి పాలసీ ఇవ్వదు, మనమే కట్టాలి. పరీక్షలకు వాడే గ్లవ్స్, డయపర్లు, థర్మామీటర్, వాటర్ బాటిల్, మెడ పట్టీ ఇలాంటివి. చేతికి గుచ్చే క్యాన్యులాల్లో ఒక రకం కూడా అందులో ఉంది. మందు ఒంట్లోకి పోయేది దాంట్లోంచే, మందుకు డబ్బిస్తారు గానీ ఆ గొట్టానికి ఇవ్వరు. సరే, రాసి ఉంది కాబట్టి కట్టాం. ఇవి కూడా వచ్చేలా అదనపు ప్రీమియంతో రైడర్లు (పాలసీకి తగిలించే అదనపు షరతులు) అమ్ముతున్నారు, కావలసినవాళ్ళు తీసుకోవచ్చు.

గొడవంతా రెండో జాబితాతో. ఇందులో 37 ఉన్నాయి, ఇవి గది అద్దెలోనే కలిసి ఉన్నట్టు లెక్క. ఏమున్నాయో చూడండి. అడ్మిషన్ కిట్, పేరు రాసి చేతికి కట్టే బ్యాండు, ఫైలు తెరిచిన ఛార్జీ, డాక్యుమెంటేషన్ ఛార్జీ, హౌస్‌కీపింగ్, ఏసీ, విజిటర్ పాసు, చివరికి డిశ్చార్జి చేసినందుకు ఛార్జీ. మూడో జాబితాలో 23, అవి ఆపరేషన్ ఖర్చులో కలిసినవి. దూది, గాయాలకు కట్టే గాజ్ గుడ్డ, సర్జికల్ బ్లేడు, ఎక్స్-రే ఫిల్ము అందులోవే. నాలుగోదాంట్లో 18, అవి చికిత్స ఖర్చులో భాగం. కాబట్టి వీటిని హాస్పిటల్ విడిగా బిల్లులో వేస్తే బీమా కంపెనీ ‘గది అద్దెలో ఇచ్చేశాం కదా’ అని కోస్తుంది. కోసిందాన్ని హాస్పిటల్ ‘మీ ఇన్సూరెన్స్ ఇవ్వదట’ అని మన మీద వేస్తుంది. గది అద్దె కంపెనీ దగ్గర ఒకసారి తీసుకుని, ఆ గదిలోవే కొన్నిటికి మన దగ్గర మళ్ళీ తీసుకోవడం ఇది. మా బిల్లులో డిశ్చార్జి చేయడానికి డబ్బులడిగినది చూసి నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆరున్నర గంటలకు అది కూలి అన్నమాట.

పాలసీ పుస్తకం ఫోన్‌లో తెరిచి, రెండో జాబితా పేజీ బిల్లింగ్ మేనేజర్ ముందు పెట్టాను. ఆయన రెండు నిమిషాలు చదివి, ఏమీ వాదించకుండా కిట్, బ్యాండు, డాక్యుమెంటేషన్, డిశ్చార్జి ఛార్జీలు తీసేశారు. రెండు వేల చిల్లర తగ్గింది. అరపూట అద్దె మాత్రం ‘సిస్టంలో రాదు మేడం’ అన్నారు. వాదించకుండా తీసేశారంటే తీయాల్సినవేనని వాళ్ళకూ తెలుసు. అడిగినవాళ్ళకే తీస్తారు, అంతే. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు, సంతోషించాం. ఆ మిగిలింది కాస్తా ఇలా అడ్మిషన్ కిట్‌లోని దువ్వెనకూ, టూత్‌పేస్టుకూ పోతే ఏం లాభం?

డిపాజిట్ వెనక్కి రావడం, డిశ్చార్జి తర్వాత మందుల బిల్లులు విడిగా పెట్టుకోవడం, ఇవి మామూలుగానే జరిగాయి. డిపాజిట్ రసీదు పోగొట్టుకోకండి, అంతకు మించి చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు ఫిర్యాదు ఎవరికి చేయాలి? బీమా కంపెనీ తప్పయితే దారి బాగానే ఉంది. ముందు కంపెనీకి రాయాలి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌ ఉంది, 155255కు ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే బీమా అంబుడ్స్‌మన్, అంటే పాలసీదారుల తగాదాలు విని తీర్పు చెప్పే అధికారి. కర్ణాటక వాళ్ళకు ఆ ఆఫీసు ఇక్కడే జేపీ నగర్‌లో, జీవన్ సౌధలో ఉంది. 50 లక్షల దాకా తగాదాలు వింటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అంబుడ్స్‌మన్ తీర్పు 30 రోజుల్లో అమలు చేయని కంపెనీ ఆ తర్వాత రోజుకు 5,000 చొప్పున పాలసీదారుకు కట్టాలి. ఇవన్నీ పాలసీదారు పక్షాన ఉన్నవే.

కానీ మా విషయంలో కంపెనీ తప్పు లేదే! హాస్పిటల్ మీద ఐఆర్‌డీఏఐకి అధికారం లేదు, అంబుడ్స్‌మన్‌కూ లేదు. హాస్పిటళ్ళు రాష్ట్రం చేతిలోవి. కర్ణాటకలో ప్రైవేటు వైద్య సంస్థల చట్టం 2007 నుంచి ఉంది, 2017లో దాన్ని సవరించి జిల్లాధికారి (మన కలెక్టరు) అధ్యక్షతన ఫిర్యాదులు వినే అధికార సంస్థను కూడా పెట్టారు. రేట్లు కనబడేలా పెట్టాలని, చనిపోయినవారి శరీరాన్ని బాకీ కోసం ఆపకూడదని ఆ చట్టంలో ఉంది. బతికి బాగైన పేషెంటును ఎన్ని గంటల్లో పంపాలన్నది మాత్రం నాకు తెలిసినంతలో ఏ రూలూ పట్టించుకోవడం లేదు. కంపెనీకి 3 గంటలని ఢిల్లీ, హైదరాబాదుల నుంచి గడువు పెట్టగలిగినప్పుడు (ఐఆర్‌డీఏఐ ఆఫీసు హైదరాబాదులోనే కదా), హాస్పిటల్‌కు ఒక గడువు బెంగళూరు నుంచి పెట్టడం అంత కష్టమా?

నేనడిగేది పెద్దదేమీ కాదు. మా కంపెనీలో లారీ గేటు దాటే ముందు ఒక చీటీ ఉంటుంది. లోడింగు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు అయింది, బిల్లు ఎప్పుడు కొట్టారు, ఎవరు సంతకం చేశారు. అలాంటి చీటీయే డిశ్చార్జి పేషెంటు ఫైలుకు పెట్టి, కాపీ ఇంటివాళ్ళకు ఇవ్వాలి. డాక్టరు డిశ్చార్జి రాసిన టైము, ఫార్మసీ క్లియరెన్స్ టైము, సమ్మరీ సంతకమైన టైము, బిల్లు మూసిన టైము, కంపెనీకి పంపిన టైము. ఇందులో ఏదీ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు, అన్నీ హాస్పిటల్ కంప్యూటర్లో ఇప్పుడే ఉన్నాయి. మనకు చూపించరు, అంతే. చూపిస్తే ఎవరి దగ్గర ఆగిందో కనబడుతుంది, అప్పుడు తిట్లు కూడా సరైన చోటికి చేరతాయి. డాక్టరు డిశ్చార్జి రాసిన తర్వాతి గంటలకు, పేషెంటు తానుగా ఆగితే తప్ప, గది అద్దె వేయకూడదని ఆరోగ్య శాఖ ఒక్క ఆదేశం ఇస్తే చాలు, ఫార్మసీ ట్రే తనంతట తనే పరుగెత్తుతుంది.

హాస్పిటల్ వాళ్ళ వైపు నుంచి ఒక మాట చెప్పాలి. ఇదే ఇన్సూరెన్స్ డెస్క్ అబ్బాయి చివర్లో నాతో అన్నాడు, ఒక్కో కంపెనీకి ఒక్కో పోర్టల్, ఒక్కో రకం ఫారం, ఒక్కోచోట ఒక్కో సైజు పీడీఎఫ్ అడుగుతారని. అది నిజమే, నేను చూశాను. అది సరిచేయాల్సింది కంపెనీలూ, ఐఆర్‌డీఏఐ. కానీ అతను చెప్పిన ఇబ్బంది 3.40 ముందు చివరి అరగంటది. దానికి ముందు పోయిన కాలమంతా హాస్పిటల్ లోపలి వ్యవహారం.

నా ఫిర్యాదు మా మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లతో, బిల్లుతో జిల్లాధికారి కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. జవాబు వస్తే మీకు రాస్తాను.

మీ పత్రికను ఒకటే అడుగుతున్నాను. వారానికోసారి ఆరోగ్య పేజీ వేస్తారు కదా. ఒక వారం మధుమేహానికి మెంతులు, కాకరకాయ పక్కన పెట్టి, ఆ నాలుగు జాబితాలూ, ముఖ్యంగా రెండోది, మొత్తం 37 పేర్లూ తెలుగులో వేయండి. అక్షరాలు చిన్నవైనా పరవాలేదు. హాస్పిటల్ హాల్లో కూర్చున్నవాళ్ళకు చదవడానికి కావలసినంత తీరిక ఉంటుంది, చదివాక లేచి వెళ్ళడానికి బిల్లింగ్ కౌంటర్ కూడా అక్కడే ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రామమూర్తినగర్, బెంగళూరు